అన్నం ఎవరిది, పంచాయతీ ఎవరిది? గోదావరి దళితవాడల తిండి చరిత్ర నుంచి కొన్ని ప్రశ్నలు

గోదావరి జిల్లాల చరిత్ర రాసినవాళ్లంతా ఆ నేలను అన్నపూర్ణ అన్నారు. ఆనకట్ట, కాలవలు, బియ్యం ఎగుమతులు, పట్నాలకు చేరిన సంపద, ఈ కథ బడిపుస్తకాల్లో కూడా ఉంది. ఆ వరిని ఊడ్చిందీ కలుపు తీసిందీ కోసిందీ కుప్పేసిందీ నూర్చిందీ ఎవరో అందరికీ తెలుసు. కానీ ఆ మనుషులు ఏం తిన్నారు? ఆ తిండి ఎక్కణ్నించి వచ్చింది? అది దొరికే చెరువు మీద, పోరంబోకు మీద, సంత మీద ఊళ్లో పెత్తనం ఎవరిది? ఈ మూడు ప్రశ్నలు దళితవాడ నుంచి అడిగితే తప్ప చరిత్రలోకి రావు. కమ్యూనిస్టులు కూలి రేటు గురించి అడిగారు, అది అవసరమే. కూలి డబ్బుతో కొనని తిండి ఒకటి ఉండేదనీ, అది ఊడబెరుక్కోబడిందనీ మాత్రం ఎవరూ పెద్దగా లెక్కలో వేసుకోలేదు.

ఈ వ్యాసానికి అన్నవరాన్ని కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. పాత తూర్పు గోదావరి జిల్లాలో, 2022 ఏప్రిల్ నుంచి కాకినాడ జిల్లాలో ఉన్న ఈ ఊరు డెల్టా నడిబొడ్డున లేదు. శంఖవరం మండలంలో, మెట్ట భూముల్లో, ఏజెన్సీ కొండలకు దగ్గరగా, పంపా నది ఒడ్డున ఉంది. కాలవ కింద పండే వరి, మెట్టలో పండే చోళ్లు, కొండ మీద దొరికే దుంపా ఆకూ, ఈ మూడు తిండి లోకాలూ కలిసే చోటు అది. పేరులోనే అన్నం ఉందని జనం మురిసిపోతుంటారు కూడా. అలాంటి ఊరి నుంచి చూస్తే అన్నపూర్ణ కథలో ఉన్న ఖాళీలు బాగా కనపడతాయి.

ఈ మధ్య అందరూ స్థానిక ఆహారం, ఆరోగ్యకరమైన ఆహారం అంటున్నారు. స్థానిక ప్రభుత్వాలు ఆ పని నెత్తిన వేసుకోవాలని కూడా అంటున్నారు. మంచిదే. అయితే 'స్థానికం' అనే మాట దళితులకు అమాయకమైన మాట కాదు. ఊరంటే ఏమిటో, ఊరి పెద్దలంటే ఎవరో మనకు బాగా తెలుసు. కాబట్టి పంచాయతీ ఏం చెయ్యగలదు అని అడిగే ముందు ఇంతకాలం ఏం చేసిందో చూడాలి.

1. ఆనకట్టకు ముందూ తరవాతా

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు గోదావరి జిల్లా కరువులతో, తుపానులతో, పన్నుల భారంతో చితికిపోయి ఉంది. కంపెనీ లెక్కల్లోనే 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఆ ఇరవై ఏళ్లలో చచ్చిందెవరో, వలస పోయిందెవరో కులాలవారీగా లెక్క లేదు. కరువులో ముందు పోయేది గాదెలు లేనివాళ్లే.

ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్ట ఆ జిల్లా ముఖం మార్చేసింది. ఇది నిజం. కాదనడం వల్ల మనకు ఒరిగేదేమీ లేదు. కాలవ నీళ్లు పారాక ఆకలి చావులు తగ్గాయి, పని దినాలు పెరిగాయి. కానీ నీళ్లు పారింది భూమికి, మనిషికి కాదు. భూమి ఉన్న కులాలు ఆ నీళ్లతో రైతులయ్యాయి, మిల్లు యజమానులయ్యాయి, తరవాత రాజకీయ నాయకులయ్యాయి. భూమి లేని మాల మాదిగలు పాలేర్లుగా, రోజు కూలీలుగా మిగిలారు. ముంపు పొలాల్లో వరి తప్ప మరోటి పండదు కాబట్టి కాలవ వచ్చిన చోటల్లా పంటల రకం కూడా కుదించుకుపోయింది. జొన్న, గంటె, చోడి, కొర్ర, కంది, ఉలవ క్రమంగా మెట్టకు తగ్గిపోయాయి.

పాలేరుకు కూలి చాలాకాలం గింజల్లోనే ముట్టేది. కళ్లంలో కొలిచి పోసే గింజలవి. ఆ కొలతలో మోసం ఉంది, వెట్టి ఉంది. అయినా గింజ ఇంటికి వచ్చేది. నగదు కూలి వచ్చాక వెట్టి తాడు కొంత తెగింది, అది విముక్తే. కాకపోతే గింజల కోసం కొట్టు మీద, కొట్టువాడి అప్పు మీద ఆధారపడడం మొదలైంది. ఒక బంధనం పోయి ఇంకోటి వచ్చిన ఈ మార్పును తిండి వైపు నుంచి చూసిన అధ్యయనాలు తక్కువ.

2. కొనని తిండి

దళితవాడ పొయ్యి మీదికి వచ్చేదంతా కూలి గింజలే కాదు. కోతలయ్యాక పొలంలో ఏరుకున్న పరిగె ఉండేది. కాలవల్లో, బోదెల్లో, చేలల్లో పట్టుకున్న మట్టగిడసలు, జెల్లలు, కొరమేనులు, పీతలు, నత్తలు ఉండేవి. గట్ల మీద పొన్నగంటి కూర, గలిజేరు, చెంచలికూర, తోటకూర ఉచితంగా దొరికేవి. తాటిచెట్టు ఒక్కటే ముంజలు, పళ్లు, తేగలు, బుర్రగుంజు ఇచ్చేది. మెట్టలో చోడి అంబలి. ఏజెన్సీ అంచున దుంపలు, చింతపండు, తేనె. చచ్చిన పశువును మోసుకుపోవడం కులం నెత్తిన పెట్టిన పని. ఆ మాంసాన్ని ఎండబెట్టి దాచుకోవడం ఆకలి నేర్పిన చదువు. ఆ తిండినే చూపించి అంటరానివాళ్లన్నారు. గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న సంబంధాన్ని 1948లో వచ్చిన 'అన్‌టచబుల్స్' గ్రంథంలో అంబేడ్కర్ చర్చించాడు. ఆయన చూపించినది తిండి చరిత్ర కుల చరిత్రకు బయట లేదనే.

ఇప్పుడు పోషకాహారమని ఎవరైతే పట్టికలు వేస్తున్నారో వాళ్ల పట్టికల్లో ఇవన్నీ ఉన్నాయి. ఇనుము, కాల్షియం, మాంసకృత్తులు. చోళ్లలో కాల్షియం ఎక్కువని ఇవాళ పట్నం కొట్లలో రాగిపిండి ఖరీదు పెట్టి అమ్ముతున్నారు. నిన్న అంబలి తాగేవాళ్లని ఎగతాళి చేసిన నోళ్లే ఇవాళ అంబలి ఆరోగ్యం అంటున్నాయి. తిండికి గౌరవం వచ్చింది గానీ దాన్ని బతికించిన మనుషులకు రాలేదు.

ఈ కొనని తిండి ఎలా పోయింది? ఒక్కరోజులో పోలేదు. 1960ల చివర నుంచి అధిక దిగుబడి వంగడాలు, పురుగుమందులు వచ్చాయి. మందు కొట్టిన చేలో చేపా నత్తా బతకవు, కలుపు మందు పడిన గట్టు మీద ఆకుకూర మొలవదు. 1980ల నుంచి పశ్చిమ గోదావరిలో, కొల్లేరు చుట్టూ వరిచేలు చేపల చెరువులయ్యాయి, తరవాత రొయ్యల చెరువులయ్యాయి. చేపల ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, వాడలో చేపలకూర తగ్గింది. ఎందుకంటే కాలవలో చేప అందరిది, చెరువులో చేప చెరువు ఆసామిది. తాటితోపులు కొట్టేశారు. పోరంబోకులు ఆక్రమణల్లోకి పోయాయి. పశుమాంసం విషయంలో 1977 నాటి గోవధ నిషేధ చట్టం ఒకవైపు, ఈమధ్య పెరిగిన బెదిరింపులు మరోవైపు, పేదవాడికి అందే చవక మాంసకృత్తులను ఇంకా ఇరుకు చేశాయి.

ఈ నష్టాల్లో చాలావాటికి ఒక పంచాయతీ తీర్మానమో, పంచాయతీ మౌనమో కారణంగా ఉంది. చెరువు పాట పంచాయతీ పెట్టింది. పోరంబోకు ఆక్రమణను పంచాయతీ చూసీ చూడనట్టు వదిలేసింది. ఆ తీర్మానాలు రాసిన మినిట్స్ బుక్కులు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. మన పరిశోధకులు చదవాల్సిన చరిత్ర పత్రాలవి.

3. తీర్మానం చాలదు

స్థానిక సంస్థల చరిత్రలో దళితులకు ఒక గట్టి అనుభవం ఉంది. గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1924లో రెట్టమలై శ్రీనివాసన్ మద్రాసు శాసనమండలిలో ఒక తీర్మానం పెట్టాడు. ప్రజల సొమ్ముతో నడిచే దారులు, బావులు, చెరువులు అన్ని కులాలవాళ్లూ వాడుకోవచ్చని దాని సారం. మండలి ఆమోదించింది, 1925లో గెజిట్‌లో అచ్చయింది. దాన్ని ఊళ్లలో అమలు చెయ్యాల్సింది లోకల్ బోర్డులు. ఆ బోర్డుల్లో కూర్చున్నది భూస్వాములు. తరవాత ఏం జరిగిందో ఊహించుకోవడానికి పరిశోధన అక్కర్లేదు, 1985 కారంచేడు చాలు. అరవై ఏళ్ల తరవాత కూడా ప్రకాశం జిల్లాలో ఆ ఊరి దళితులు తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవే హత్యాకాండ దాకా పోయింది.

బొంబాయి ప్రెసిడెన్సీలోనూ ఇదే జరిగింది. 1923లో శాసనమండలి తీర్మానించింది, దాన్ని అనుసరించి 1924లో మహద్ మునిసిపాలిటీ చవదార్ చెరువును అందరికీ తెరిచింది. కాగితం మీద తెరుచుకున్న చెరువులో దళితులు దోసిలి ముంచింది 1927 మార్చి 20న, అంబేడ్కర్ వెంట నడిచి. తిరుగు దారిలో దెబ్బలు తిన్నారు. అదే ఏడు ఆగస్టులో మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. హైకోర్టులో గెలిచేసరికి 1937 వచ్చింది. స్థానిక ప్రభుత్వం మంచి తీర్మానం చెయ్యగలదు, దాన్ని మింగెయ్యనూ గలదు. కింద కదిలిన జనం, పైన నిలబడే చట్టం రెండూ ఉంటేనే ఆ తీర్మానం బతుకుతుంది.

1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గ్రామాన్ని గురించి అన్న మాటలు గ్రామ స్వరాజ్యవాదులను నొప్పించాయి. గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని, రాజ్యాంగం గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమని ఆయన వాదం. దాన్ని కొందరు పంచాయతీలకు వ్యతిరేకంగా చదువుతారు. నిజానికి అది వ్యక్తి హక్కుకు రక్షణ లేని పంచాయతీకి వ్యతిరేకం. తిండి విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. సాంఘిక బహిష్కరణ పెడితే ముందు తాకేది పొయ్యినే. 2017లో పశ్చిమ గోదావరి గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం వివాదం తరవాత దళితులను బహిష్కరించినప్పుడు పొలం పనులు ఆపేశారు, కౌళ్లు ఆపేశారు. పని లేకపోతే పూట గడవదని బహిష్కరించినవాళ్లకు తెలుసు. ఊరి మీద ఆధారపడ్డ తిండి ఉన్నంతకాలం ఊరి కట్టుబాటుకు కోరలుంటాయి. అందుకే దళితవాడకు తన చేతిలో ఉన్న తిండి కావాలి. ఆ తిండి ఆరోగ్యానికి ఎంత అవసరమో ఆత్మగౌరవానికీ అంతే అవసరం.

4. అణా భోజనం నుంచి బడి భోజనం దాకా

స్థానిక ప్రభుత్వం తిండి పెట్టిన మంచి చరిత్ర కూడా ఒకటి ఉంది, దాన్ని మరిచిపోకూడదు. 1920 సెప్టెంబర్ 16న మద్రాసు కార్పొరేషన్ కౌన్సిల్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు అణాకు మించకూడదని లెక్క. దీని వెనక ఉన్నది జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. పేద పిల్లలు ఆకలితో బడి మానేస్తున్నారన్నది వాళ్లు చూపిన కారణం. తరవాత మరికొన్ని బడులకు పాకింది. ప్రాథమిక విద్యా నిధుల నుంచి తిండికి ఖర్చు పెట్టడం కుదరదని పై ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925లో ఆగిపోయింది. దేశంలో బడి భోజనం చరిత్రలో మొదటి అధ్యాయం ఒక మునిసిపల్ సంస్థది, దాన్ని నడిపింది బ్రాహ్మణేతర ఉద్యమం. దాన్ని ఆపింది డబ్బు మీద పై ప్రభుత్వానికున్న పట్టు.

మళ్లీ మన రాష్ట్రంలో వండిన భోజనం బడిలోకి వచ్చింది 2003 జనవరిలో, అదీ సుప్రీంకోర్టు కొరడా తీశాక. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో 2001 నవంబర్ 28న కోర్టు వండిన భోజనం పెట్టి తీరాలని ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన ఆదేశం మనకు ఇంకా ముఖ్యం. వంటమనుషులుగా, సహాయకులుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. ఎవరు వండారు, ఎవరి వీధిలో వండారు అన్నది తిండిలో భాగమేనని ఒక కోర్టు ఒప్పుకున్న సందర్భమది. సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో జరిగిన సర్వేను విశ్లేషించి అదే చూపించారు. వంట దళితవాడలో జరిగినచోట, దళిత స్త్రీ వండినచోట దళిత పిల్లలకు భోజనం మర్యాదగా అందుతుంది. రేషన్ షాపు ఊళ్లో ఉందా వాడలో ఉందా అన్నది కూడా ఇలాంటి ప్రశ్నే.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. ఆమె గోదావరి లంకల గన్నవరం ఇల్లాలు, 1909లో చనిపోయింది. ఆకలితో వచ్చినవాళ్లకు ఇంట్లో అన్నం పెట్టిన మనిషిగా ఆ ప్రాంతంలో ఆమెకున్న గౌరవం నిజమైనది. ఆమె మీద మనకు పేచీ లేదు. పేరు తెచ్చే భావన గురించే జాగ్రత్త. అన్నదానంలో పెట్టేవాడు పైన ఉంటాడు, చెయ్యి చాచేవాడు కింద ఉంటాడు. హక్కులో ఇద్దరూ ఒకే నేల మీద నిలబడతారు. పిల్లవాడి పళ్లెంలో గుడ్డు ఎవరి పుణ్యమూ కాదు, అది వాడి హక్కు.

అన్నవరంలో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రత్నగిరి మీద సత్యనారాయణ స్వామి గుడి 1891 నాటిది, స్థానిక జమీందారు రాజా ఐ.వి. రామనారాయణం కాలంలో వెలిసింది. దళితులు గుళ్లలోకి పోవడానికి చట్టబద్ధమైన హక్కు మద్రాసు ప్రెసిడెన్సీలో 1947 చట్టంతో గానీ పూర్తిగా రాలేదు. అంటే గుడి వెలిసిన తరవాత యాభై ఏళ్లకు పైగా దాటిపోయాయి. ఇవాళ అక్కడి ప్రసాదం రాష్ట్రమంతా పేరుపడింది. గోధుమ నూక, నెయ్యి, పంచదార, ఆకు పొట్లం. గోధుమ గోదావరి జిల్లాల్లో పండదు. పొట్లం కట్టే అడ్డాకు మాత్రం కొండలో ఆదివాసులు ఏరేది. చుట్టుపక్కల మెట్టలో పండే చోడికి ఆ ప్రసాదంలో చోటు లేదు. ప్రసాదం మార్చమని ఎవరూ అనడం లేదు. అంత పెద్ద జనం వచ్చిపోయే ఊళ్లో, రోజూ వేలమంది తినే చోట, చుట్టుపక్కల పేదలు పండించిన కూరగాయలకు, పప్పులకు, చిరుధాన్యాలకు నికరమైన కొనుగోలు ఎందుకుండకూడదు అని మాత్రం అడగొచ్చు.

5. రెండు రూపాయల బియ్యం, జొన్న గాదె

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పెట్టింది. దాన్ని ఓట్ల పథకమని పట్నం మేధావులు వెక్కిరించారు. వాడలో మాత్రం అది పండగే. పూట పూటకీ ఆసామి ఇంటి ముందు నిలబడే అగత్యం తగ్గింది. కూలి దగ్గర బేరం చేసే బలం కొంచెం వచ్చింది. ఇది మన చరిత్రలో నమోదు కావాల్సిన విషయం.

అదే సమయంలో ఇంకోటి జరిగింది. 1965లో మొదలైన ఆహార సంస్థ ప్రధానంగా వరి, గోధుమ కొంది. రేషన్ షాపులోకి అవే వచ్చాయి. మెట్టలో చోడి, జొన్న పండించే చిన్న రైతుకు కొనేవాడు లేడు, తినేవాడూ తగ్గాడు. పేదవాడి కడుపు నిండింది గానీ పళ్లెం ఒంటి రంగుకు మారింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నపూర్ణ అనిపించుకున్న రాష్ట్రం లెక్క ఇది. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, తిండి అందులో పెద్దది.

దీనికి జవాబు తెలంగాణ మెట్ట నుంచి, దళిత స్త్రీల దగ్గర నుంచి వచ్చింది. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో, పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని చేస్తోంది. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలే. భూపంపిణీలో పేదలకు వచ్చిన పట్టా భూములు పెట్టుబడి లేక బీడు పడి ఉండేవి. 1990ల మధ్యలో ఆ సంఘాలు కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ఆ బీళ్లను దున్నించి, ఎరువు వేయించి జొన్న పండించాయి. తీసుకున్న అప్పు డబ్బుగా కాకుండా జొన్నలుగా ఊరి గాదెకు తిరిగి కట్టారు. ఊళ్లో ఎవరు ఎంత పేదవాళ్లో సంఘం స్త్రీలే నేల మీద ముగ్గు వేసి లెక్క తేల్చారు, పని దొరకని నెలల్లో వాళ్లకు ఆ జొన్నలు చవగ్గా ఇచ్చారు. గింజ ఊరు దాటి పోలేదు, గోదాములో పుచ్చలేదు, పేదల జాబితా ఎమ్మార్వో ఆఫీసులో తయారు కాలేదు.

ఆ అనుభవంలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, స్థానిక తిండి వ్యవస్థ నడపడానికి చదువుకున్న నిపుణులే అక్కర్లేదు. విత్తనం దాచడం తెలిసిన స్త్రీలు చాలు, వాళ్లకు భూమీ మొదటి పెట్టుబడీ కావాలి. రెండోది, అది పంచాయతీ ద్వారా జరగలేదు, సంఘం ద్వారా జరిగింది. ఆడవాళ్ల సంఘానికి దొరికిన స్వేచ్ఛ ఊరి పంచాయతీలో దొరికేది కాదు. అయితే సంఘం ఉన్నచోట్ల ఉంటుంది, లేనిచోట్ల ఉండదు. పంచాయతీ అన్ని ఊళ్లలో ఉంటుంది. అందుకే దాన్ని వదులుకోలేం.

6. పంచాయతీ చేతిలో ఏముంది?

అసలు చట్టం ఏమిచ్చిందో చూద్దాం. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో 29 విషయాలు పెట్టింది. వ్యవసాయం, భూమి అభివృద్ధి, చిన్న నీటి వనరులు, పాడి, కోళ్లు, చేపలు, సామాజిక వనాలు, తాగునీరు, సంతలు, స్త్రీ శిశు సంక్షేమం, బలహీనవర్గాల సంక్షేమం, ప్రజా పంపిణీ అన్నీ అందులో ఉన్నాయి. తిండికి సంబంధించినది అందులో లేనిదేమిటి? జనాభాను బట్టి దళితులకు, ఆదివాసులకు సీట్లు కేటాయించింది. మన రాష్ట్రంలో సగం సీట్లు స్త్రీలకు. 1994 పంచాయతీరాజ్ చట్టం పచ్చిక బయళ్లు, కళ్లాలు, తోపుల వంటి పోరంబోకులను పంచాయతీకి దఖలు చేసింది.

2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఇంకో అడుగు వేసింది. చట్టాన్ని తమ పరిధిలో అమలు చేసే బాధ్యత స్థానిక సంస్థలది అంది. రేషన్ షాపుల లైసెన్సుల్లో పంచాయతీలకు, స్వయం సహాయక బృందాలకు, సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. స్థానిక పంపిణీ పద్ధతులకు, ధాన్యపు బ్యాంకులకు మద్దతివ్వాలని అందులో స్పష్టంగా ఉంది. సోషల్ ఆడిట్, నిఘా కమిటీలు ఉన్నాయి, ఆ కమిటీల్లో దళితులకు, ఆదివాసులకు, స్త్రీలకు చోటుండాలని ఉంది. పస్తాపూర్ స్త్రీలు చట్టం లేని రోజుల్లో చేసినదాన్ని ఇప్పుడు చట్టమే చెయ్యమంటోంది. చేసేవాళ్లేరి? నిధులు పైన ఆగిపోతాయి, అధికారం ఆఫీసర్ల దగ్గర ఆగిపోతుంది. రిజర్వుడు సీట్లో గెలిచిన దళిత సర్పంచి సంతకం పెడితే పెత్తనం పక్క కుర్చీలో కూర్చున్నవాడు చేస్తాడు. త్యాగరాయ చెట్టి కాలంలో అణా భోజనాన్ని ఆపిన సమస్యే ఇదీ.

ఇక ఊరి స్థాయిలో చెయ్యదగ్గవి. చెరువు పాట విషయం తీసుకుందాం. పంచాయతీ చెరువును మామూలుగా ఎక్కువ డబ్బు పెట్టినవాడికి వేలంలో ఇచ్చేస్తారు, వచ్చిన డబ్బు పంచాయతీ నిధికి పోతుంది. చేపలు లారీ ఎక్కుతాయి. దానికి బదులు ఒక చెరువునో, చెరువులో ఒక వంతునో దళిత, మత్స్యకార స్త్రీల బృందాలకు తక్కువ కిస్తు మీద ఇచ్చి, పట్టిన చేపలో కొంత అంగన్‌వాడీకి, ఊరి సంతకు నికరంగా రావాలని షరతు పెట్టొచ్చు. కిస్తు తగ్గితే పంచాయతీకి నష్టం కదా అంటారు. రక్తహీనత పంచాయతీ లెక్కల్లో ఎక్కడ రాస్తున్నారు?

భూమి సంగతి. గోదావరి లంక భూములను భూమిలేని దళితుల సహకార సంఘాలకు కౌలుకిచ్చిన చరిత్ర బ్రిటిష్ కాలపు లేబర్ శాఖ నాటినుంచీ ఉంది. అది దానం కాదు, పోరాడి పట్టుకున్న వెసులుబాటు. ఆ పద్ధతిని పంచాయతీ ఆధీనంలో మిగిలిన తోపులకు, గట్లకు విస్తరించి మునగ, అవిస, కరివేపాకు, బొప్పాయి, కూరగాయలు పెంచే హక్కు వాడలోని స్త్రీలకు దీర్ఘకాలం కాగితం మీద రాసివ్వొచ్చు. 2005 ఉపాధి హామీ చట్టం కింద దళితుల సొంత భూముల్లో బావులు, తోటలు, చదును పనులు చేసే వీలు కల్పించారు. ఆ వీలు ఎన్ని వాడల్లో వాడుకున్నారో ఊరి రికార్డులు తీసి చూడాల్సిన పని మన విద్యార్థులది.

సంత. వాడలో పండిన పిడికెడు ఆకుకూర అమ్ముకోవడానికి సంతలో చోటు కావాలి. ఆశీలు పాడుకున్నవాడు గంప మీద ఇంతని గుంజుతాడు. గంపెడు సరుకుతో వచ్చే స్త్రీలకు ఆశీలు ఎత్తెయ్యడం, చేపలకు, మాంసానికి నీళ్లూ నీడా ఉన్న శుభ్రమైన చోటు చూపించడం పంచాయతీ చేతిలోని పనే. మాంసం అమ్మే చోటు ఊరి చివర మురుగ్గుంట పక్కన ఉంటే అది ఆరోగ్య సమస్యా, కుల సమస్యా?

బడి, అంగన్‌వాడీ, హాస్టలు. వీటికి కావాల్సిన గుడ్లు, కూరగాయలు, చోళ్లు వీలైనంతవరకూ చుట్టుపక్కల దళిత, ఆదివాసీ స్త్రీల బృందాల దగ్గరే కొనాలి. 2023 మార్చి నుంచి ఆంధ్ర బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలైంది. ఆ రాగి శంఖవరం మెట్ట నుంచి ఎందుకు రాకూడదు?

ఇది గాలిలో మేడ కాదు. బ్రెజిల్‌లో బెలో హారిజాంటే నగరపాలక సంస్థ 1993లో తిండి పౌరుల హక్కని ప్రకటించి ప్రత్యేక శాఖ పెట్టింది. చిన్న రైతులను నేరుగా నగరానికి తెచ్చి అమ్ముకోనిచ్చింది, చవక భోజనశాలలు నడిపింది. 2009లో ఆ దేశం చేసిన చట్టం బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గర కొనడానికే ఖర్చు పెట్టాలంది. అందులోనూ భూసంస్కరణల్లో భూమి వచ్చినవాళ్లకు, ఆదివాసులకు, పారిపోయిన నల్ల బానిసల వారసుల గూడేలకు మొదటి ప్రాధాన్యం. బానిసత్వం అనుభవించిన జనాన్ని తిండి తీసుకునేవాళ్లుగా కాక పెట్టేవాళ్లుగా చట్టంలో రాసుకున్నారు. దగ్గర్లో చూస్తే కేరళలో 2020 నుంచి కుటుంబశ్రీ స్త్రీలు స్థానిక సంస్థలు చూపిన చోట్లలో 20 రూపాయలకు భోజనం పెట్టారు. మన రాష్ట్రంలో 5 రూపాయల అన్న క్యాంటీన్లు 2018లో పట్నాల్లో మొదలై, 2019లో ప్రభుత్వం మారగానే మూతపడి, మళ్లీ ప్రభుత్వం మారాక 2024లో తెరుచుకున్నాయి. తిండి ముఖ్యమంత్రి పేరుతో నడిస్తే ముఖ్యమంత్రితో పోతుంది. చట్టంలో, ఊరి తీర్మానంలో, వాడ సంఘంలో మూడు చోట్లా నాటుకుంటే అంత తేలిగ్గా పోదు.

7. వాడ నుంచి పంచాయతీ

పంచాయతీ తనంతట తాను మారదు. 1924 తీర్మానం చెప్పింది అదే, మహద్ చెప్పింది అదే. దళితవాడలో జరిగే గ్రామసభ కావాలి. ఊరి రచ్చబండ దగ్గర జరిగే సభలో మన ఆడవాళ్లు వెనక నిలబడి వినడం గ్రామసభ కాదు. చెరువు, పోరంబోకు, సంత, రేషన్ షాపు, బడి వంట, ఈ ఐదింటి లెక్కా ఆ సభలో చదవాలి. చదివి వినిపించమని అడగడానికి మన పిల్లలు చదువుకుని ఉన్నారు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది.

ఉపాధ్యాయులు, విద్యార్థులు చెయ్యాల్సిన పని ఒకటుంది. మన అమ్మమ్మలు, నాయనమ్మలు ఏం తిన్నారో, అది ఏ గట్టు మీద, ఏ బోదెలో, ఏ తోపులో దొరికిందో, ఆ చోటు ఇవాళ ఎవరి ఆధీనంలో ఉందో ఊరి పటం మీద గుర్తు పెట్టాలి. అది తిండి చరిత్ర, అదే భూమి చరిత్ర కూడా. సర్వే నంబరుతో సహా ఆ పటం గ్రామసభ ముందు పెట్టినప్పుడు అది దరఖాస్తు అవుతుంది.

అన్నపూర్ణ అన్న మాట గోదావరికి తగిందే కావచ్చు. ఆ అన్నం నాటిన చేతుల పళ్లెంలో చోడి, చేప, ఆకుకూర, గుడ్డు, మాంసం తిరిగి వచ్చినరోజున, వాటికోసం ఎవరి ముందూ చెయ్యి చాచనక్కర్లేని రోజున ఆ పేరు పూర్తి అర్థంతో పలకొచ్చు. దానికి కావాల్సిన చట్టాలు ఇప్పటికే ఉన్నాయి. ఇక పట్టుకోవాల్సింది పంచాయతీ తాళంచెవి.